రెండు కార్ఖానాల సామాను, ఒక్క షెడ్డు

ప్రశ్న: మాది హనుమకొండ. మా బాపు, చిన్నబాపు ఇద్దరూ వడ్రంగం పని చేసినవారే. బాపు షెడ్డును ఇప్పుడు నేను నడుపుతున్నాను. పరకాలలో ఉండే చిన్నబాపు మోకాళ్ళ నొప్పులతో పని మానేసి, తన సామానంతా నాకే పంపించారు. దాంతో కోత మిషన్లు రెండయ్యాయి. బాపుది 12 అంగుళాల బ్లేడుతో, బెల్టు మీద నడిచేది. చిన్నబాపుది 10 అంగుళాలది. చోటు చాలదు కనుక పెద్దది ఉంచుకొని, చిన్నదాన్ని జమ్మికుంటలో కొత్తగా పని మొదలుపెడుతున్న మా మేనత్త కొడుకుకు ఇద్దామనుకుంటున్నాను. అయితే రెండు చోట్ల విడి సామాను ఒకే డ్రమ్ములో కలిసిపోయింది. బ్లేడ్లు 11, కోణం గేజీలు 3, కట్టెను ఆనించే గైడ్లు 2, గాడులు తొలిచే రూటర్లు 2, వాటిలో బిట్‌ను పట్టి ఉంచే కొల్లెట్లు, 30 దాకా బిట్లు, డ్రిల్ చక్కులు 3, రందా మిషన్ కత్తులు రెండు సెట్లు ఉన్నాయి. కొత్తవి ఉంచుకొని పాతవి ఇచ్చేయవచ్చా? వీటిలో చిన్నబాపు తన పేరు రాసుకున్న పాత ఉక్కు బ్లేడు ఒకటి ఉంది. దానికి కార్బైడ్ పళ్ళు లేవు. దాన్ని ఏం చేయాలో కూడా తెలపగలరు.

సమాధానం: కొత్తవి, పాతవి అన్న లెక్కతో ఈ పని మొదలుపెట్టకండి. మిషన్ సామానుకు సొంత విలువ తక్కువ. అది ఏ ఇరుసు మీద కూర్చుంటుంది, ఏ గాడిలో నడుస్తుంది, ఏ నట్టుకు బిగుస్తుంది అన్నదాన్ని బట్టే దాని విలువ తేలుతుంది. ఏ మిషన్ ఉంచుకోవాలో మీరు ముందే నిర్ణయించుకున్నారు కనుక సగం పని అయిపోయినట్లే. ఇక మిగిలింది, డ్రమ్ములో ఉన్న ఒక్కొక్క వస్తువును ఆ పెద్ద మిషన్ దగ్గరకు తీసుకుపోయి పట్టి చూడటమే. అలా చూసినప్పుడు మీరు జంట అనుకున్నవాటిలో చాలా వరకు జంటలే కావని తెలుస్తుంది. కొన్ని మీ మిషన్‌కు అసలు పట్టవు. కొన్ని పట్టినా వేరే పనికి వచ్చేవి. మిగిలిన కొద్దిపాటి వాటి విషయంలోనే ఏది ఉంచాలి అన్న ప్రశ్న నిజంగా పుడుతుంది.

అన్నిటికన్నా ముందు చిన్న మిషన్‌తో తప్పకుండా వెళ్ళవలసినవాటిని వేరు చేయండి. బ్లేడుకు రెండు వైపులా కూర్చునే ఫ్లాంజీలు, ఇరుసు నట్టు, దాన్ని విప్పే పానా, బ్లేడు వెనుక నిలబడి, కోసిన కట్టె మళ్ళీ మూసుకొని బ్లేడును పట్టకుండా చూసే రివింగ్ నైఫ్, పైన కప్పే గార్డు, బ్లేడు చుట్టూ బల్లలో అమరే పలక, ఇవన్నీ ఆ మిషన్‌లో భాగాలే. మీ షెడ్డులో వీటికి స్పేర్ అన్న పేరు తగదు. ఫ్లాంజీలు రెండూ ఒకే వ్యాసంతో, ఒకదానికొకటి సరిపోయేలా ఉండాలి కనుక, ఒకటి ఈ మిషన్‌ది, ఒకటి ఆ మిషన్‌ది కలిపి బిగిస్తే బ్లేడు ఊగుతుంది. నట్టు మర కుడివైపుదా ఎడమవైపుదా అన్నది కూడా మిషన్‌ను బట్టి మారుతుంది. గార్డు విషయంలో మాత్రం నా మాట కాస్త గట్టిగానే వినండి: మన దగ్గర చాలా షెడ్లలో గార్డును విప్పి మూలన పడేసి, మిషన్‌ను ఇంకొకరికి ఇచ్చేటప్పుడు దాని సంగతే మరచిపోతారు. మీ బావ కొత్తగా పని మొదలుపెడుతున్నారు కనుక గార్డు, రివింగ్ నైఫ్ లేకుండా ఆ మిషన్ జమ్మికుంటకు కదలకూడదు. డ్రమ్ములో దొరకకపోతే, చిన్నబాపు ఎక్కడ విప్పి పెట్టారో ఆయననే అడగండి.

ఇప్పుడు బ్లేడ్ల దగ్గరకు వద్దాం. మీ సామానులో అసలు ఆలోచన అవసరమైనవి ఇవే. 11 బ్లేడ్లను నేల మీద వరుసగా పరచి, వెర్నియర్‌తో ఒక్కొక్కదాని మధ్య రంధ్రాన్ని కొలిచి, మైనపు పెన్సిల్‌తో ఆ అంకెను బ్లేడు మీదనే రాయండి. 10, 12 అంగుళాల బ్లేడ్లలో 25.4 మిల్లీమీటర్ల రంధ్రం, 30 మిల్లీమీటర్ల రంధ్రం రెండూ కనిపిస్తాయి. కంటికి ఈ తేడా సులువుగా తెలియదు. 30 రంధ్రం ఉన్న బ్లేడును 25.4 ఇరుసుకు ఎక్కించడానికి తగ్గింపు రింగులు దొరుకుతాయి. ఆ రింగు రంధ్రంలో బిగువుగా కూర్చోవాలి, బ్లేడు రేకు కన్నా మందం ఉండకూడదు. వదులుగా ఉన్న రింగును కాగితం చుట్టి సరిపెట్టే అలవాటు కొందరిలో ఉంది; అలాంటి రింగు దొరికితే ముందు దాన్నే పారేయండి. వాటిలో 4 అంగుళాల బ్లేడ్లు కూడా ఉన్నట్లయితే, అవి 20 మిల్లీమీటర్ల రంధ్రంతో మార్బుల్ కట్టర్‌కు వచ్చినవి కావచ్చు. వాటిని ఆ కట్టర్‌తోనే ఉంచండి. వాషర్ వేసి గ్రైండర్‌కు బిగించి కట్టె కోయడం ఎంతమంది చేస్తున్నా, ఆ పనికి గ్రైండర్‌లో బల్ల లేదు, రివింగ్ నైఫ్ లేదు. పన్ను కట్టెలో ఇరుక్కున్న క్షణంలో అది చేతిలో నిలవదు.

ఇక 10 అంగుళాల బ్లేడ్లన్నీ చిన్న మిషన్‌వే కదా, అన్నీ బావకే పోతాయి అని మీరు అనుకోవచ్చు. రంధ్రం సరిపోయి, ఆ బ్లేడు మీద ముద్రించిన గరిష్ఠ వేగం మీ ఇరుసు వేగం కన్నా ఎక్కువగా ఉంటే 10 అంగుళాల బ్లేడును 12 అంగుళాల మిషన్‌కు ఎక్కించవచ్చు. 12 అంగుళాలది మాత్రం 10 అంగుళాల మిషన్‌కు ఎక్కించరాదు. మీ మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరిగేదై, మోటారు పుల్లీ 6 అంగుళాలు, ఇరుసు పుల్లీ 3 అంగుళాలు ఉంటే బ్లేడు 2880 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో 12 అంగుళాల బ్లేడు అంచు సెకనుకు సుమారు 46 మీటర్లు, 10 అంగుళాలది సుమారు 38 మీటర్లు పోతుంది. అంటే చిన్న బ్లేడు వేసినప్పుడు కట్టెను కొంచెం నిదానంగా తోయవలసి వస్తుంది, కోత లోతు ఒక అంగుళం తగ్గుతుంది, రివింగ్ నైఫ్‌ను బ్లేడు పళ్ళకు దగ్గరగా జరుపుకోవలసి ఉంటుంది. ఆ సందు 8 మిల్లీమీటర్లు దాటకూడదు. నైఫ్ అంత దగ్గరకు జరగని మిషన్ అయితే 10 అంగుళాల బ్లేడ్ల ఆశ వదులుకొని బావకు ఇచ్చేయండి.

రివింగ్ నైఫ్ మందం కూడా చూడాలి. అది బ్లేడు రేకు కన్నా మందంగా, పళ్ళు కోసే సందు కన్నా పలుచగా ఉండాలి. రేకు 2.2, కోత 3.2 మిల్లీమీటర్లు ఉన్న బ్లేడుకు 2.5 మందం నైఫ్ చక్కగా సరిపోతుంది. అదే నైఫ్ ముందు 2.4 మిల్లీమీటర్ల కోత ఇచ్చే పలుచని బ్లేడు బిగిస్తే, కట్టె నైఫ్ దగ్గరకు వచ్చి ఆగిపోతుంది. అప్పుడు చిరాకుపడి నైఫ్‌ను విప్పేసేవారే ఎక్కువ. కనుక ఎంత కొత్తదైనా, ఎంత పదునుదైనా, మీ నైఫ్‌తో కుదరని పలుచని బ్లేడు మీకు పనికిరానిదే.

ఈ మూడు కొలతలూ దాటిన బ్లేడ్లు బహుశా ఆరో ఏడో మిగులుతాయి. ఇప్పుడు పళ్ళు లెక్కపెట్టండి. నార వెంట నిలువుగా చీల్చడానికి 24 పళ్ళ బ్లేడు, అన్ని పనులకూ 40 పళ్ళది, అడ్డకోతకూ ప్లైవుడ్‌కూ 60 నుంచి 80 పళ్ళది వాడతారు. మైకా అంటించిన పలకలకు పళ్ళు ఇంకా ఎక్కువగా ఉండి, ఒక పన్ను బల్లపరుపుగా, పక్క పన్ను మూలలు చెక్కినట్లుగా ఉండే రకం మంచిది. ఇవి ఒకదానికొకటి జంటలు కావు. 24 పళ్ళది, 80 పళ్ళది రెండూ 10 అంగుళాలవే కదా అని ఒకదాన్ని ఇచ్చేస్తే, మర్నాడు ప్లైవుడ్ అంచు పెచ్చులు లేచినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఒకే రంధ్రం, ఒకే పళ్ళు, ఒకే మందం ఉన్న రెండు బ్లేడ్లు నిజంగా తేలితే, మీరు ఎక్కువగా చేసే కోతకు సంబంధించినవైతే రెండూ ఉంచుకోండి. మన ప్రాంతంలో దర్వాజలు, కిటికీలకు టేకే ఎక్కువ; టేకు కట్టెలో సహజంగానే సిలికా ఉంటుంది, అది పదునును త్వరగా తినేస్తుంది. ఒక బ్లేడు సాన పట్టే దుకాణంలో ఉన్నప్పుడు రెండోది మిషన్ మీద తిరుగుతూ ఉండాలి. అలాంటప్పుడు రెండోది సాన వంతు కోసం ఎదురుచూసే బ్లేడు. మిగులు సామాను కింద దాన్ని లెక్కించకండి. అరుదుగా చేసే కోతకు మాత్రం ఒకటి చాలు. ఆ రెండిటిలో ఏది మేలో తేల్చడానికి రంగు, పెయింటు చూడకుండా పళ్ళ కార్బైడ్ ముక్క ఎంత మందం మిగిలిందో చూడండి. ఎన్నోసార్లు సాన పట్టిన పన్ను ముందు నుంచి చూస్తే సన్నని గోరులా కనిపిస్తుంది. అది ఇంకోసారి సానకు నిలవదు. కార్బైడ్ నిండుగా ఉండి నల్లని జిగురు పట్టిన బ్లేడును పనికిరానిదని పక్కన పెట్టకండి. గోరువెచ్చని నీళ్ళలో బట్టల సోడా కలిపి కాసేపు నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది, వెంటనే తుడిచి ఆరబెడితే సగం బ్లేడ్లు మళ్ళీ బాగా కోస్తాయి. మొద్దుబారిందనుకున్న బ్లేడు చాలాసార్లు జిగురు పట్టినదే. పన్ను ఊడిపోయినదాన్ని, పళ్ళ మధ్య గుంట (గుల్లెట్) మూలలో సన్నని పగులు కనిపించినదాన్ని, బల్లపరుపు గాజు మీద పెడితే ఊగేదాన్ని ఎవరికీ ఇవ్వకండి. పాత ఇనుములో వేయండి.

బాగా అరిగినా ఏ లోపమూ లేని బ్లేడు ఒకదాన్ని మాత్రం కావాలనే దాచుకోండి. పాత పెంకుటిళ్ళు విప్పినప్పుడు వచ్చే దూలాలు, చౌకట్లు మీ షెడ్డుకు కోతకు వస్తూనే ఉంటాయి. వాటిలో ఎన్ని చీలలు, మొలలు విరిగి లోపలే ఉన్నాయో దేవుడికే తెలియాలి. అయస్కాంతంతో వెతికి, దొరికినవాటిని పీకిన తరువాత కూడా ఆ కట్టెకు మంచి బ్లేడు పెట్టకండి. ఈ అరిగినదాన్నే పెట్టి, కళ్ళద్దాలు పెట్టుకొని, పక్కకు నిలబడి కోయండి.

రూటర్ల దగ్గర మీరు అంతకన్నా జాగ్రత్త పడాలి. రూటర్లు రెండూ మంచివైతే రెండూ ఉంచుకోమనే చెబుతాను, ఒకదాన్ని బల్ల కింద శాశ్వతంగా బిగించుకోవచ్చు. కానీ కొల్లెట్లను కలపకండి. ఒక రూటర్ కొల్లెట్ ఇంకో కంపెనీ రూటర్‌లోకి దిగినట్లే కనిపించినా, శంఖు ఆకారం కోణంలో స్వల్ప తేడా ఉంటే అది పూర్తిగా పట్టుకోదు. ఏ కొల్లెట్ ఏ రూటర్‌దో చిన్నబాపును అడిగి, నట్టుతో సహా జతచేసి దారంతో కట్టండి. తరువాత బిట్ల కాడలు కొలవండి. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు, అర అంగుళం అంటే 12.7, వీటి పక్కనే 6, 8, 12 మిల్లీమీటర్ల కాడలూ మార్కెట్‌లో ఉన్నాయి. 6 మిల్లీమీటర్ల బిట్ పావు అంగుళం కొల్లెట్‌లో సులువుగా దూరుతుంది, గట్టిగా బిగించినట్లే ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం నేను సరిగ్గా ఆ పొరపాటే చేశాను. బిట్ కొంచెం కొంచెంగా కిందికి జారుతూ పోయి, 6 మిల్లీమీటర్ల లోతు గాడి చివరకు వచ్చేసరికి 11 అయింది. టేకు తలుపు పలక ఒకటి ఆ రోజు వృథా అయింది. బిట్ పూర్తిగా ఊడి రాకపోవడం నా అదృష్టం. కాబట్టి ఏ కొల్లెట్ లేని కాడ ఉన్న బిట్లను, అవి ఎంత మంచివైనా, ఒక డబ్బాలో వేసి బావ రూటర్‌కు పనికివస్తాయేమో చూడమని చెప్పండి.

ఒకే కొలత కొల్లెట్లు రెండుంటే, వాటిలో బిగించిన బిట్ కాడను విప్పి చూడండి. కాడ మీద నల్లని, నున్నని మచ్చలు పడుతుంటే ఆ కొల్లెట్ అరిగి బిట్ లోపల జారుతోందన్న మాట; ముందు కాడ మీద ఉన్న పాత మచ్చలను తుడిచి, కొత్తగా పడుతున్నాయో లేదో చూసి నిర్ణయించండి. అరిగిన కొల్లెట్‌ను స్పేర్ అని దాచడం వల్ల లాభం లేదు, అవసరం పడిన రోజున అదే చేతికి వస్తుంది. బిట్లలో సూటి బిట్లు, అంచు గుండ్రం చేసే బిట్లు ఎక్కువ వాడతారు కనుక పదునుగా ఉన్న జంటలు ఉంచండి; మిగిలిన పూల డిజైన్ల బిట్లలో ఒక్కొక్క ఆకారానికి ఒకటి చాలు.

రందా మిషన్ కత్తుల రెండు సెట్ల పొడవు, మందం మీ మిషన్‌కు సరిపోతే రెండూ మీవే. బ్లేడ్ల గురించి చెప్పిన సాన సంగతి వీటికీ వర్తిస్తుంది. ఒక సెట్‌లోని కత్తులన్నీ కలిసే సానకు వెళ్ళాలి, కలిసే తిరిగి బిగియాలి. ఈ సెట్‌లో ఒకటి, ఆ సెట్‌లో ఒకటి కలపకూడదు. బంగారం తూచే కాంటా ఎవరి దగ్గరైనా దొరికితే ఒక్కొక్క కత్తిని తూచి చూడండి. ఒకే సెట్‌లో బరువులు వేరుగా ఉంటే తిరిగే సిలిండరు అదిరి, కట్టె మీద అలలు పడతాయి. సాన పట్టేవారితో బరువు సమం చేయించవచ్చు. సాన తగిలి తగిలి వెడల్పు బాగా తగ్గిపోయి, బిగింపు పట్టీకి తగినంత పట్టు దొరకని కత్తి ఎగిరిపోయే ప్రమాదం ఉంది కనుక, ఆ సెట్‌ను ఇక పని నుంచి తీసేయండి. చేతి రందా మిషన్‌కు వచ్చే 82 మిల్లీమీటర్ల రెండంచుల కత్తులు డ్రమ్ములో దొరికితే పారేయకముందు రెండో అంచు వాడారో లేదో చూసుకోండి.

కోణం గేజీలు మూడింటినీ మీ బల్ల గాడిలో పెట్టి పక్కకు ఊపండి. ఏది తక్కువ ఊగుతుందో దానితో రెండు వెడల్పు పలకలు అడ్డంగా కోసి, ఒకదాన్ని తిరగవేసి అంచులు కలిపి వెలుగు వైపు పట్టండి. సందు కనిపించకపోతే అది మీది. మూలమట్టంతో చూడటం కన్నా ఈ పరీక్ష నమ్మదగినది, తప్పు రెట్టింపై కనిపిస్తుంది. రెండో గేజీ ఫొటో ఫ్రేముల వంటి 45 డిగ్రీల పని చేసేవారికే అవసరం. చౌకట్లకు, దర్వాజలకు కుసి తొలిచి బిగించే మీ పనికి దానితో పెద్ద అవసరం ఉండదు. మూడోది చిన్న మిషన్ గాడికి కుదిరితే బావకు వెళుతుంది. కట్టెను ఆనించే గైడ్లు మాత్రం ఏ మిషన్‌ది ఆ మిషన్‌తోనే ఉండాలి.

డ్రిల్ చక్కుల్లో నిటారైన 10 మిల్లీమీటర్ల కడ్డీని బిగించి మెల్లగా తిప్పితే, కొన ఎక్కువగా ఊగనిది ఉంచవలసినదని తెలిసిపోతుంది. చక్కు వెనుక కాడ ఎమ్‌టీ2 (మోర్స్ టేపర్ 2 అనే కొలత) శంఖు అయితే అది లేత్ వెనుక భాగంలో కూడా కూర్చోవచ్చు కనుక, లేత్ ఉన్నట్లయితే రెండోదాన్నీ ఉంచండి. చక్కు తాళాన్ని చక్కుకే కట్టేయండి.

డ్రమ్ము అడుగున మిగిలే చిన్నచిన్నవాటి గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. బెల్టులు మన ఎండలకు రేకుల షెడ్డులో గట్టిపడి, లోపలి వైపు పగుళ్ళు పడతాయి. మీ మిషన్ నంబరుకు సరిపోయే ఒక్క సెట్ చాలు, రెండు గాళ్ళ పుల్లీ అయితే రెండు బెల్టులూ కలిపే మార్చాలి. గ్రైండర్ కటింగ్ చక్రాల మధ్యలో ఉండే లోహపు రింగు మీద గడువు నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. గడువు దాటినవాటిని విరిచి పారేయండి. సాన రాయిని వేలికి తగిలించి చెక్క పిడితో తట్టినప్పుడు గణగణమనకుండా బండలా మోగితే అదీ వద్దు. ప్యాకెట్ విప్పని బేరింగులు, కార్బన్ బ్రష్షులు మీ మిషన్ల నంబర్లవైతే ఎన్ని ఉన్నా ఉంచుకోవచ్చు. క్లాంపులను మాత్రం ఎవరికీ ఇవ్వకండి, చౌకట్లు అంటించే రోజున ఎన్ని ఉన్నా చాలవు.

బావకు పంపే సామానును గోనెసంచిలో కుదించి పంపకుండా, ప్రతి బ్లేడు మీద రంధ్రం, పళ్ళ సంఖ్య రాసి, బ్లేడుకు బ్లేడుకు మధ్య అట్ట పెట్టి పంపండి. ఆయన ఏ కోతలు చేయబోతున్నారో ముందుగా ఫోన్ చేసి అడగండి. ప్లైవుడ్ పని మొదలుపెట్టేవారికి మీరు నాలుగు చీల్చే బ్లేడ్లు పంపితే, ఈసారి డ్రమ్ము నిండేది జమ్మికుంటలో.

చివరగా చిన్నబాపు పేరున్న ఉక్కు బ్లేడు. కార్బైడ్ లేని అలాంటి బ్లేడ్ల పళ్ళను ఆకురాయితో తామే పదును చేసుకొని, పళ్ళను ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వంచుకొని వాడిన కాలం అది. దాని రేకు మంచి ఉక్కు కనుక కట్టె ఉపరితలం గీకే రేకులు చేసుకోవడానికి పనికివస్తుందని నేను చెప్పగలను, కానీ పేరు రాసిన బ్లేడును ముక్కలు చేయమని మీకు చెప్పలేను. దాన్ని గోడకు వేలాడదీయండి. వేలాడదీసే ముందు మధ్య రంధ్రంలో గట్టి తుమ్మ కట్టె బిరడా ఒకటి దిగగొట్టి, రెండు వైపులా సమంగా కోసేయండి. షెడ్డులో మీరు లేని పూట పని కుర్రవాడు ఎవరైనా బ్లేడు కోసం వెతికి, గోడ మీద ఉన్నదాన్ని తీసి మిషన్‌కు ఎక్కించకుండా ఉంటాడు.